ఆటలోకి వివక్షను తెచ్చింది ఎవరు?

దళిత క్రికెటర్ పల్వంకర్ బాలూకు ఒకప్పుడు పూనాలో టీ ఇచ్చేటప్పుడు పెవిలియన్ బయట నిలబెట్టి, తాగి పారేసే మట్టి ముంతలో పోసేవారు. తోటి ఆటగాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగేవారు. భోజనం కూడా ఆయనకు విడిగానే. ఆయన చేతి నుంచి వచ్చిన బంతిని మాత్రం అందరూ ముట్టుకునేవారు. ఆ ఎడమచేతి స్పిన్నర్ 1911లో తొలి అఖిల భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్లి ఒక్క పర్యటనలోనే వందకు పైగా వికెట్లు తీశారు. తిరిగివచ్చాక కూడా, బొంబాయిలో మతాలవారీగా జరిగే పోటీల్లో హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. పుట్టిన కులం అడ్డం వచ్చింది. 1920లో ఆ అన్యాయం మళ్లీ జరిగినప్పుడు ఆయన తమ్ముళ్లు శివరాం, విఠల్ జట్టు నుంచి తప్పుకున్నారు. ఎంతో కష్టపడి సంపాదించుకున్న చోటును తామే వదులుకున్నారు. 1923లో విఠల్ అదే జట్టుకు కెప్టెన్ అయ్యారు.

మన సంఘం సమావేశాల్లో క్రీడల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: "ఆటను ఆటలా చూడాలి, మధ్యలో రాజకీయాలు ఎందుకు?" అలా అనేవారిలో చాలామంది మంచివాళ్లు, నాకు ఆప్తులు. వారమంతా పనిచేసి అలసిపోయి, కాసేపు ప్రశాంతంగా మ్యాచ్ చూడాలనుకునేవాళ్లు. వారి మాటలోని అలసట నాకు అర్థమవుతుంది. కానీ వారిని ఒకటి అడగాలనిపిస్తుంది. ఆటలోకి రాజకీయం తెచ్చింది జట్టు వదిలిన ఆ అన్నదమ్ములా, పెవిలియన్ బయటికి మట్టి ముంత పంపినవాళ్లా?

మనకు బాగా గుర్తున్న సంఘటన ఒకటి చెబుతాను. 2021 జనవరి, సిడ్నీ టెస్టు. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌కు అది రెండో టెస్టు మాత్రమే. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి అంతకు రెండు నెలల ముందే చనిపోయారు. అంత్యక్రియలకు వెళ్లకుండా సిరాజ్ జట్టుతోనే ఆస్ట్రేలియాలో ఉండిపోయాడు. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే ప్రేక్షకుల్లోంచి జాతిదూషణలు వినిపించాయి. కొత్త ఆటగాడు, పరాయి దేశం, గుండెలో అంత దుఃఖం. విననట్టు ఊరుకోవడానికి అతనికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి. అతను నేరుగా వెళ్లి కెప్టెన్ అజింక్య రహానేకు, అంపైర్లకు చెప్పాడు. ఆట కొన్ని నిమిషాలు ఆగింది. ఆరుగురు ప్రేక్షకులను బయటికి పంపారు. కావాలంటే మైదానం వదిలి వెళ్లవచ్చని అంపైర్లు అన్నారనీ, ఏ తప్పూ చేయని మనం ఎందుకు వెళ్లాలని రహానే జవాబిచ్చాడనీ సిరాజ్ తర్వాత చెప్పాడు. దూషణ జరిగిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా విచారణలో నిర్ధారించింది, క్షమాపణ కోరింది.

ఆ రోజు మనలో ఎవరూ రాజకీయాలు ఎందుకని అడగలేదు. గర్వపడ్డాం. వలస వచ్చిన చోట రంగు గురించో యాస గురించో ఒక మాట పడి, అప్పటికప్పుడు జవాబు తోచక, ఇంటికి వచ్చాక రాత్రంతా ఆ జవాబు వెతుక్కున్న అనుభవం మనలో చాలామందికి ఉంది. నాకూ ఉంది. నేను చేయలేకపోయిన పని ఆ కుర్రాడు అంతమంది మధ్య చేశాడు. అందుకే ఆ దృశ్యం నన్ను వదిలిపెట్టదు.

ఇందులో గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. సిరాజ్ ధైర్యం ఒక్కటే ఆ పని చేయలేదు. విని ఆట ఆపిన అంపైర్లు ఉన్నారు, వెనక్కి తగ్గని కెప్టెన్ ఉన్నాడు, విచారణ జరపక తప్పని బోర్డు ఉంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా అతను మళ్లీ అదే బౌండరీ దగ్గరికి, అవే మాటల మధ్యకు తిరిగి వెళ్లవలసి వచ్చేది. వివక్షకు ఎదురు నిలబడే బాధ్యత ఆటగాడి మీద కంటే లీగుల మీద, బోర్డుల మీద ఎక్కువని నేను నమ్మడానికి కారణం అదే. నియమాలు రాసేది వారు. కాంట్రాక్టులు ఇచ్చేది, తీసేది వారు. స్టేడియం గేటు తాళాలు కూడా వారి దగ్గరే ఉంటాయి.

సిడ్నీలో దెబ్బ తగిలింది మనకు. మన వైపు నుంచి తగిలినప్పుడు ఏం చేశాం? 2020 జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఒక మాట బయటపెట్టాడు. హైదరాబాద్ సన్‌రైజర్స్ జట్టుకు ఆడిన రోజుల్లో తోటి ఆటగాళ్లు తనను 'కాలూ' అని పిలిచేవారని, అదేదో బలాన్ని మెచ్చుకునే మాట అనుకుని తానూ నవ్వేవాడినని చెప్పాడు. ఆ మాటకు 'నల్లోడు' అని అర్థమని ఏళ్ల తర్వాత తెలిసి కోపగించాడు. పిలిచినవారిలో ఒకరు అతనితో మాట్లాడి, ప్రేమతోనే అలా పిలిచానని చెప్పారు. సామీ పెద్దమనసుతో ఆ మాటను స్వీకరించాడు. వ్యవహారం అక్కడితో ముగిసింది.

నా మనసులో అది ముగియలేదు. నల్లగా ఉన్న స్నేహితుణ్ణి ఆ రంగు పేరుతోనే పిలవడం మనం పుట్టినప్పటి నుంచి వింటున్నాం. చనువు అంటాం, ముద్దు పేరు అంటాం. ఆ పేరు తనకు ముద్దుగా ఉందో లేదో ఆ స్నేహితుణ్ణి ఎవరైనా అడిగారా? నా బడి రోజుల్లో అలాంటి పేరున్న మిత్రుడు ఒకడు ఉండేవాడు. నేనూ అదే పేరుతో పిలిచాను. చాలా ఏళ్ల తర్వాత అతని అసలు పేరు రాయవలసి వచ్చినప్పుడు నాకు వెంటనే గుర్తు రాలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. సామీ చెప్పిన మాటలో నాకు వినిపించింది ఆ మిత్రుడి గొంతే.

దూరాన జరిగే అన్యాయాన్ని ఖండించడం సులభం. 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో పాకిస్తాన్‌తో టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌కు ముందు భారత ఆటగాళ్లు మోకాలిపై కూర్చున్నారు. అమెరికాలో నల్లజాతీయుల ప్రాణాల కోసం మొదలైన ఉద్యమానికి అది సంఘీభావం. మంచిపనే, నేను తప్పుపట్టను. ఆ మ్యాచ్ పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఆ రాత్రే మహమ్మద్ షమీని అతని మతం పేరుతో సామాజిక మాధ్యమాల్లో తిట్టిపోశారు. ఇప్పుడు అన్యాయం దూరాన లేదు, సొంత డ్రెస్సింగ్ రూమ్ గుమ్మం ముందు ఉంది. అక్టోబర్ 30న కెప్టెన్ విరాట్ కోహ్లీ విలేకరుల ముందు, మతం పేరుతో ఒక మనిషిపై దాడి చేయడం కంటే నీచమైన పని లేదని సూటిగా అన్నాడు. అందుకు ప్రతిఫలంగా, ఇంకా ఏడాది నిండని అతని కూతురికి ఆన్‌లైన్‌లో బెదిరింపులు వచ్చాయి. నా దృష్టిలో ఆ మోకాలి కంటే ఈ నాలుగు మాటల బరువు ఎక్కువ. మోకాలిపై కూర్చున్నందుకు జట్టులో ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

అంతకు మూడు నెలల ముందు టోక్యో ఒలింపిక్స్‌లో వందన కటారియా దక్షిణాఫ్రికాపై హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్ హాకీలో ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. సెమీఫైనల్లో జట్టు అర్జెంటీనా చేతిలో ఓడిన రోజు, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువయ్యారని దూషించారని కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. కెప్టెన్ రాణీ రాంపాల్ అది సిగ్గుచేటని గట్టిగా చెప్పింది. సిరాజ్ కోసం రోజంతా మాట్లాడుకున్న మనం వందన కోసం ఎంతసేపు మాట్లాడుకున్నాం? 2016లో పి.వి. సింధు రియోలో రజతం గెలిచినప్పుడు ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవారిలో తెలుగు రాష్ట్రాలవారు ముందు వరుసలో ఉన్నారని పత్రికలు రాశాయి. పతకం మెడలో పడ్డ రోజున మన వేళ్లు వెతికింది ఆ సంగతి.

ఆటగాళ్లందరూ తప్పనిసరిగా వివక్షకు ఎదురు నిలబడాలని ఆజ్ఞాపించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. 2021లోనే, షమీ సంఘటన జరిగిన రెండు రోజులకు, దక్షిణాఫ్రికా బోర్డు తన ఆటగాళ్లందరూ మోకాలిపై కూర్చోవలసిందేనని మ్యాచ్ ముందు ఆదేశించింది. క్వింటన్ డికాక్ ఆ మ్యాచ్ నుంచి తప్పుకున్నాడు. తర్వాత క్షమాపణ చెబుతూ, తన సవతి తల్లి నల్లజాతి స్త్రీ అనీ, ఆ ప్రాణాల విలువ తనకు పుట్టినప్పటి నుంచి తెలుసనీ వివరించాడు. మోకాళ్లు వంగేలా చేయడం బోర్డు చేతిలో ఉన్న పనే కావచ్చు, బోర్డు చేయవలసిన పని అది కాదు. ఎంపికలు ఎలా జరుగుతున్నాయి, శిక్షకుల్లో ఎవరున్నారు, ఫిర్యాదు చేసినవారికి ఏమవుతోంది అన్నవి బోర్డు పనులు.

ఫిర్యాదు చేసినవారికి ఏమవుతుందో తెలియాలంటే అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్‌ను చూడాలి. 2016లో జాతివివక్షకు నిరసనగా అమెరికా జాతీయగీతం వేళ మోకాలిపై కూర్చున్నాడు. ఆ సీజన్ తర్వాత ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. 2020 జూన్‌లో ఆ లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్, ఆటగాళ్ల మాట ముందే విననందుకు తమదే తప్పని వీడియోలో ఒప్పుకున్నాడు. ఆ వీడియోలో కేపర్నిక్ పేరు లేదు. లీగులో అతనికి మళ్లీ చోటూ దొరకలేదు. అలాంటి పశ్చాత్తాపం వల్ల లీగుకు ప్రతిష్ఠ పెరుగుతుందేమో గానీ, మైదానంలో ఉన్న తర్వాతి ఆటగాడికి అందే సందేశం వేరు.

నిజమైన నష్టం భరించిన సందర్భం మన దేశ చరిత్రలోనే ఉంది. 1974లో విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులతో భారత జట్టు డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు చేరింది. ఎదురుగా వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాఫ్రికా. భారత్ ఆడలేదు. కప్పు దక్షిణాఫ్రికాకు వెళ్లింది. ఈనాటికీ డేవిస్ కప్ మన చేతికి రాలేదు. అంత దగ్గరికి వచ్చి వదులుకోవడం ఆ వయసు ఆటగాళ్లకు ఎంత కష్టమో ఊహించగలను. ఆ దేశం అంతర్జాతీయ క్రికెట్‌కు కూడా ఇరవై ఏళ్లకు పైగా దూరమైంది. వివక్ష చట్టాలు కూలుతున్న వేళ, 1991 నవంబర్‌లో, తిరిగి వచ్చి మొదటి మ్యాచ్ ఆడింది కోల్‌కతాలోనే.

ఆ కొలతతో చూస్తే ఇప్పుడు అఫ్గానిస్తాన్ విషయంలో అంతర్జాతీయ క్రికెట్ మండలి తీరు నన్ను బాధపెడుతుంది. 2020 చివర్లో ఆ దేశ బోర్డు 25 మంది మహిళలకు కాంట్రాక్టులు ఇచ్చింది. 2021లో తాలిబన్లు వచ్చాక వారిలో చాలామంది దేశం విడిచి ఆస్ట్రేలియా చేరారు. 2025 జనవరిలో మెల్‌బోర్న్‌లో వారు కలిసి ఒక మ్యాచ్ ఆడారు, కానీ దేశం జట్టుగా కాదు. పురుషుల జట్టు పూర్తి సభ్యత్వంతో ఆడుతూనే ఉంది. రషీద్ ఖాన్ లాంటి ఆటగాడు స్త్రీల వైద్య విద్యపై నిషేధాన్ని బహిరంగంగా వ్యతిరేకించాడు. అతన్ని ఇంట్లో కూర్చోబెడితే ఆ అమ్మాయిలకు మేలు జరుగుతుందా అని అడిగితే, జరుగుతుందని నేను ధీమాగా చెప్పలేను. ఆ అమ్మాయిలకు ఒక జట్టు పేరు, ఆడే హక్కు ఇవ్వడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. అది మండలి చేతిలోనే ఉంది.

వివక్షకు ఎదురు నిలబడేవారు మచ్చలేనివారై ఉండాలని కూడా అడగకూడదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ క్రికెట్ క్లబ్‌లో తాను పడిన జాతి అవమానాలను ఆటగాడు అజీమ్ రఫీక్ 2021 నవంబర్‌లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ ముందు కన్నీళ్లతో చెప్పాడు. రెండు రోజులకే అతని పాత సందేశాలు బయటికొచ్చాయి, వాటిలో యూదులను కించపరిచే మాటలు ఉన్నాయి. రఫీక్ క్షమాపణ చెప్పాడు. అతను చెప్పిన నిజం ఆ సందేశాల వల్ల అబద్ధం కాలేదు. 2023లో ఆ క్లబ్‌కు జరిమానా పడింది, పాయింట్లు కోతపడ్డాయి.

మన సంఘం పోటీల నియమావళిని మొన్న మళ్లీ చదివాను. వైడ్ అంటే ఏమిటో, వాన పడితే ఫలితం ఎలా తేల్చాలో వివరంగా ఉంది. ఒక ఆటగాణ్ణి కులం పేరుతోనో, మతం పేరుతోనో, రంగు పేరుతోనో, ప్రాంతం పేరుతోనో ఎవరైనా దూషిస్తే అంపైర్ ఏం చేయాలో ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం నేను రాశాను. దూషణ వినిపిస్తే లేదా ఆటగాడు ఫిర్యాదు చేస్తే ఆట ఆపే అధికారం అంపైర్‌కు ఉంటుంది. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టరు. దూషించినట్టు తేలినవారు, వారు కార్యవర్గ సభ్యులైనా సరే, ఆ ఏడాది పోటీలకు దూరంగా ఉంటారు. సరదాగా అన్నాను, చనువుతో అన్నాను అన్న సమాధానం చెల్లదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. బలపరచడానికి ఇంకొక సభ్యుడి సంతకం కావాలి.