అంబలి కుండకు చోటేది?

మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో ఒక కుండను షామియానా వెనక్కి పంపేశారు. ఆ సాయంత్రం ఇక్కడ ఒడిశాలోని రాయగడలో ఉన్నవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. గుణుపురం నుంచి ఒక పెద్దావిడ చోడి (రాగి) అంబలి కాచి, చల్లారాక మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలతో సహా మోసుకొచ్చారు. "అతిథులొస్తున్నారమ్మా, ఇక్కడ ఇది బాగోదు" అని కార్యవర్గంలోని కుర్రాడొకడు దాన్ని ఎంగిలి విస్తళ్ళు వేసే చోటు పక్కన పెట్టించాడు. సరిగ్గా అప్పుడే వేదిక మీద ఒక వక్త పేగుల ఆరోగ్యం గురించి చెబుతున్నారు. తర్వాత మంచి బ్యాక్టీరియా ఉన్న పొడి ప్యాకెట్లు అందరికీ పంచారు. భోజనాల్లో గోబీ మంచూరియా, జీరా రైస్, కూల్‌డ్రింకులు. ఆవిడ మూత తీయని కుండతోనే ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. ఆ మాట అతనికి మన ఇళ్ళే నేర్పాయి.

మా మామ్మ వంటింట్లో ఒక మూల తరవాణి కుండ ఉండేది. వార్చిన గంజి చల్లారాక అందులో పోసేది. కుండను ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయనిచ్చేది కాదు. అడుగున కాస్త పులిసిన తేట ఉంచి, దాని మీదే కొత్త గంజి పోయాలి. ఇంటికొచ్చిన కొత్త కోడలికి మొదట నేర్పే పని అదే. రాత్రి మిగిలిన అన్నం ఆ తేటలో వేస్తే తెల్లారేసరికి చద్ది తయారు. దాంట్లోకి ఉప్పుకల్లు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. ఊడ్పుల రోజుల్లో పొలానికి పోయే ఆడవాళ్ళు మా అరుగు మీద కూర్చుని తాగి వెళ్ళేవారు. ఎండాకాలం మేం పిల్లలం బడి నుంచి వస్తే ముందు ఒక గ్లాసు తేట తాగించి, ఆ తర్వాతే అన్నం పెట్టేది. అమ్మవారి పండక్కి చద్ది నైవేద్యం కూడా ఆ కుండలోంచే. అయితే విజయనగరం చుట్టాలు వస్తున్నారని కబురందితే చాలు, కుండ దొడ్లోకి పోయేది. ఆ పూట అందరికీ ఉప్మా. లేనివాళ్ళ తిండి తింటున్నారనుకుంటారని ఆవిడ భయం. అమ్మవారికి పెట్టిన తిండిని చుట్టాలకు పెట్టడానికి సిగ్గుపడ్డాం. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

కుండ అడుగున మామ్మ దాచింది పులుపునిచ్చే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాని. మన పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులుంటాయి. మనకు అరగని పీచే వాటికి తిండి. దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన శక్తి ఆ బ్యూటిరేటే. వండిన అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిపదార్థం కొంత అరగని రకంగా మారి, పీచులాగే పెద్దపేగు దాకా చేరుతుంది. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్తలు 36 మంది మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. పెరుగు, కిమ్చి (కొరియా వాళ్ళ క్యాబేజీ పచ్చడి) లాంటి పులిసిన పదార్థాలు 10 వారాలు బాగా తిన్నవాళ్ళ పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో లోలోపలి వాపును (ఇన్‌ఫ్లమేషన్) సూచించే ప్రోటీన్లు తగ్గాయి. ఆ అధ్యయనంలో మన చద్దన్నం లేదు, నిజమే. అయినా దారి అదే కదా.

మన తిండంతా గొప్పదని మాత్రం చెప్పలేను. పళ్ళెంలో తెల్లన్నం కొండంత, కూర చిటికెడంత. ఇడ్లీ పిండి పులిసినా, ఆవిరికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఆవకాయలో ఉప్పూ నూనే ఎక్కువ. ఈ విషయంలో పక్కింటి ఒరియా వాళ్ళే నయం. రోజూ ఏదో ఒక సాగ (ఆకుకూర), కూరగాయలు దండిగా వేసిన డాల్మా పప్పు. ఏటా మార్చి 20న పఖాళ దివస్ పేరుతో చద్దన్నాన్ని ఊరంతా పండగలా తింటారు. పూరీ జగన్నాథుడికి పెరుగు పఖాళ నైవేద్యం పెడతారు. చోళ్ళలాంటి చిరుధాన్యాల కోసం 2017లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్‌లో మన రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాలు మొదటి నుంచీ ఉన్నాయి. వాళ్ళ మధ్యే బతుకుతూ మనం కుండ దాచుకుంటున్నాం!

వక్త చెప్పిందంతా తప్పని నేననను. యాంటీబయాటిక్స్ వాడాక విరేచనాలు పట్టుకుంటే డాక్టర్లే కొన్ని రకాల ప్రోబయాటిక్స్ (మంచి బ్యాక్టీరియా ఉన్న మందులు) రాస్తారు. కానీ ఒంట్లో బాగున్నవాళ్ళు రోజూ ఆ పొడి వేసుకోవాలనడానికి గట్టి ఆధారం లేదు. దానికంటే ముందు మాట్లాడాల్సింది మన మెడికల్ షాపు అలవాటు. జలుబు చేస్తే చీటీ లేకుండా రెండు యాంటీబయాటిక్ మాత్రలు, తగ్గగానే ఆపేయడం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్రలు దాన్నేమీ చేయలేవు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియా మాత్రం వాటికి బలైపోతుంది. రాత్రి పదింటికి కడుపు నిండా తిని వెంటనే పడుకోవడం, కాలు కదపకపోవడం కూడా మానుకోవాలి.

చద్దికీ జాగ్రత్తలున్నాయి. అన్నాన్ని గంటలకొద్దీ వెచ్చగా వదిలేస్తే వాంతులు తెప్పించే బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్ళీ వేడి చేసినా దాని విషం పోదు. తొందరగా చల్లార్చి, శుభ్రమైన నీళ్ళు పోసి, పొద్దున్నే తినేయాలి. వాసన తేడాగా ఉంటే పారబోయాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళు అన్నం కొలత చూసుకోవాలి.

కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఈ వేసవిలో స్టేషన్ దగ్గర మన సంఘం పెట్టే చలివేంద్రంలో రంగు షర్బత్ మానేసి అంబలీ మజ్జిగా పెట్టండి. రాత్రి నానబెట్టిన చోడిపిండి తెల్లవారుజామున కాచి, బాగా చల్లారాకే మజ్జిగ కలపాలి, లేకపోతే వేడికి మజ్జిగలోని బ్యాక్టీరియా మిగలదు. మొదటి వారం పిండి మా ఇంటి నుంచి వస్తుంది, కాచడానికి మా వీధి ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. గుణుపురం పెద్దావిడను కార్యవర్గమే వెళ్ళి పిలవాలి. మొదటి గ్లాసు ఆవిడ చేత్తో పోయించండి.