అప్పుడప్పుడు అంటే 25 క్వింటాళ్ళు

తెలుగు నిఘంటువులు ‘అప్పుడప్పుడు’ అనే మాటకు అర్థం చెబుతాయి గాని ధర చెప్పవు. ఎంతోకాలంగా ఉన్న ఈ లోటును పూరించే భాగ్యం కోడుమూరు దగ్గరి ఒక పల్లెలో ఉల్లి పండించే మా బావకు దక్కింది. భాషా పండితులు ఆయన పేరును ఏ పీఠికలోనూ ఎక్కించరని తెలుసు కాబట్టి, ఆ పరిశోధన జరిగిన తీరును ఇక్కడ నేనే నమోదు చేస్తున్నాను.

2025 సెప్టెంబరులో మా మేనల్లుడు కర్నూలు శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాడు. చేరిన మూడో రోజున కుటుంబానికి ఒక విన్నపం సమర్పించాడు. వాట్సాప్‌లో వచ్చింది కాబట్టి అసలు ప్రతి నా దగ్గర భద్రంగా ఉంది. ల్యాప్‌టాప్ కావాలట. మోయడానికి తేలికగా ఉండాలి, క్లాసులకు పనికిరావాలి, అప్పుడప్పుడు గేములు ఆడుకోవడానికి వీలుండాలి. మొదటి రెండు కోరికలూ ఎవరూ కాదనలేనివి. మూడోది గడ్డివాములో పాములా వాక్యం చివర చుట్టచుట్టుకుని పడుకుంది.

సాంకేతిక సలహాదారుగా నన్ను నియమించారు. పదిహేనేళ్ళ క్రితం అక్కావాళ్ళ టీవీ రిమోటులో బ్యాటరీలు తిరగేసి పెట్టి దాన్ని బాగుచేసిన నాటి నుంచి ఆ హోదా నాదే. ఎవరూ రద్దు చేయలేదు, జీతమూ ఇవ్వలేదు.

ఇక్కడ పాఠకులు ఒక ఆర్థిక సూత్రాన్ని గుర్తు పెట్టుకోవాలి. ఆ రోజుల్లో ఉల్లి ధర పడిపోయి, ప్రభుత్వం కర్నూలు మార్కెట్ యార్డులో క్వింటాలు 1,200 రూపాయలకు కొన్నది. దాంతో బావకు లోకంలోని ప్రతి వస్తువూ ఆ రేటు మీదే కనిపించసాగింది. పది రూపాయల టీ తాగితే ముప్పావు కిలో పైచిలుకు. బస్సు ఎక్కి దిగితే నాలుగు కిలోలు. బంగారు ప్రమాణం గురించి చదివినవారికి ఈ ఉల్లి ప్రమాణం వింతగా తోచవచ్చు. కాని బంగారానికి లేని గుణం దీనికుంది. లెక్క పూర్తయ్యేసరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

రాజ్‌విహార్ వైపు ఉన్న ఒక దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. అక్కడి కుర్రాడు బావ తలపాగా చూసి “రా పెద్దాయనా, కూర్చో” అన్నాడు. నా చొక్కా ఇస్త్రీ చూసి “చెప్పండి సార్” అన్నాడు. మొదట చూపించినది 42,000 రూపాయలది. పలకలా పలుచగా ఉంది, కిలో నాలుగు వందల గ్రాములు. పదహారు జీబీ ర్యామ్, రోజంతా కాకపోయినా క్లాసులు అయ్యేదాకా నిలిచే బ్యాటరీ. నాలుగేళ్ళ చదువుకు దానికి వంక పెట్టేందుకు ఏమీ లేదు.

“ముప్పై అయిదు” అన్నాడు బావ. క్వింటాళ్ళని అర్థం.

మేనల్లుడు దానివైపు హాస్టల్ ఉప్మాను చూసినట్టు చూశాడు. ఇందులో గేములు ఆడలేమా అని నేనే అడిగాను. సలహాదారు అన్నాక ఏదో ఒకటి అడగాలి. ఆడవచ్చట. వాలరెంట్ లాంటివి ఇందులోనూ నడుస్తాయట. “నడుస్తాయి మామా, కాని సెట్టింగులన్నీ తగ్గించుకోవాలి. నీడలు ఉండవు. చెట్లకు ఆకులు సరిగా కనబడవు.”

“ఆకులు కనబడాలంటే ఎంత?” అన్నాడు బావ.

ఆకులు కనబడేది 72,000. అంటే అరవై. తేడా 30,000, అంటే 25 క్వింటాళ్ళు. క్లాసులకు 35 క్వింటాళ్ళు సరిపోతాయి కాబట్టి, మిగిలిన 25 క్వింటాళ్ళూ పూర్తిగా ‘అప్పుడప్పుడు’ అనే మాట ఖాతాలోకి వెళ్తాయి. అంతకు ముందు ఈ మాటకు ఎవరూ ఇంత కచ్చితంగా విలువ కట్టినట్టు నాకు తెలియదు.

జీఎస్టీ తగ్గిందని టీవీలో విన్నాను, ఇంకా తగ్గదా అని బావ అడిగాడు. తగ్గింది పెద్ద టీవీలకు, ఏసీలకు. ల్యాప్‌టాప్‌కు ముందు నుంచీ 18 శాతమే, ఇప్పుడూ అంతే అన్నాడు కుర్రాడు. చదువుకునేవాడికి ముందు నుంచే తగ్గించి ఉంచారని బావ ప్రభుత్వాన్ని మెచ్చుకున్నాడు. అది ఎగతాళో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇక బరువు సంగతి. పెట్టె మీద 2.3 కిలోలని ఉంది. ఛార్జరు బరువు పెట్టె మీద ఉండదు. అది ఇటుకంత ఉంటుంది, అరకిలో దాటుతుంది. రెండూ సంచిలో వేస్తే మూడు కిలోలకు కొంచెం తక్కువ. ‘మోయడానికి తేలికగా’ అనే మొదటి షరతు ఇక్కడ కూలిపోయిందని నేను గంభీరంగా ప్రకటించాను. నా ప్రకటనను బావ పట్టించుకోలేదు. “మూడు కిలోలు బరువేమిటి?” అన్నాడు. రోజూ యాభై కిలోల సంచి భుజాన వేసుకునే మనిషి ముందు ల్యాప్‌టాప్ బరువు గురించి వాదించడం అవివేకం. మేనల్లుడు ఈ విషయంలో తండ్రితో పూర్తిగా ఏకీభవించాడు. పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి అని అక్క తర్వాత చెప్పింది.

తర్వాత నిల్వ సామర్థ్యం. స్టిక్కరు మీద 512 జీబీ. తెర మీద చూస్తే 476. కుర్రాడు దీన్ని దాటవేయబోయాడు గాని, తూకం దగ్గర బావ కళ్ళు గప్పడం యార్డు వ్యాపారులకే చేతకాదు. “ముప్పై ఆరు ఎక్కడికి పోయింది?” అన్నాడు. పోలేదని, తయారుచేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుందని, సరుకు అదేనని నేను వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు. “తరుగు” అని ముగించాడు. “నూటికి ఏడు. మా దగ్గర తడి అని చెప్పి తీస్తారు, వీళ్ళు లెక్క అని చెప్పి తీస్తున్నారు.” కంప్యూటర్ శాస్త్రంలో దీని మీద చాలా వ్యాసాలు చూశాను. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. పైగా ఈ తరుగు పోగా మిగిలిన దాంట్లో ఒక్కో పెద్ద గేము 150 జీబీ ఆక్రమిస్తుంది. మూడు గేములు దించితే సీ ప్రోగ్రాములు దాచుకోవడానికి పెన్‌డ్రైవు కొనాలి.

దుకాణం కుర్రాడు తన బ్రహ్మాస్త్రం తీశాడు. కీబోర్డు పక్కన అతికించిన బిళ్ళను వేలితో తట్టి, “ఆర్‌టీఎక్స్ 4050 పెద్దాయనా, తిరుగులేదు” అన్నాడు. బావ బోరు మోటార్లు మార్చి మార్చి అలసిపోయిన మనిషి. మోటారు మీది బిళ్ళకూ పైపులోంచి వచ్చే నీళ్ళకూ సంబంధం ఉండనక్కరలేదని ఆయనకు అనుభవం.

“బిళ్ళ సరే. ఎన్ని వాట్లు లాగుతుంది?”

కుర్రాడు నా వైపు చూశాడు. నేను ఫోనులో వెతికాను. గేముల బొమ్మలు గీసే ఆ 4050 అనే చిప్పును ల్యాప్‌టాప్‌లలో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించవచ్చట. పేరు మాత్రం మారదు. ఒకే బిళ్ళ కింద మూడింతల పైన తేడా ఉన్న మోటార్లు అమ్ముకోవచ్చన్నమాట. కుర్రాడు లోపలికి వెళ్ళి మేనేజరును తీసుకొచ్చాడు. మేనేజరు తన ఫోను తీసి, నేను చూసిన పేజీయే చూశాడు. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ బావను “సార్” అనడం మొదలుపెట్టారు. నన్ను ఏమీ అనడం మానేశారు.

చివరికి తేలింది ఏమిటంటే, అదే చిప్పు సన్నటి పెట్టెలో పెడితే వేడి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి తక్కువ వాట్లకు బిగిస్తారు. ఎక్కువ వాట్లు కావాలంటే లావుపాటి పెట్టె, రెండు ఫ్యాన్లు, ఇటుకంత ఛార్జరు తప్పవు. బక్క ఎద్దు తక్కువ మేస్తుంది, తక్కువ లాగుతుంది. ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల బేరం చూసిన పిల్లవాడికి కూడా తెలిసిన ఈ విషయాన్ని దాచిపెట్టడానికే పెట్టెల మీద అన్ని స్టిక్కర్లు అంటిస్తారని నా అనుమానం. ప్రాసెసర్ల పేర్ల చివర యు అని ఉంటే పొదుపు, హెచ్ అని ఉంటే ఆకలి అన్నది కూడా ఆ రోజే తెలిసింది. తెర, ర్యామ్ వగైరాల గురించి నాకు చాలా చెప్పాలని ఉండింది. ఎవరూ అడగలేదు.

గ్యారంటీ ఎన్నాళ్ళని అడిగాను. ఒక్క ఏడాదట. ఇది మరీ అన్యాయం. కర్నూలుకు రాజధాని హోదా ఇచ్చినప్పుడే 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు చివరిదాకా మూడేళ్ళ పైచిలుకు నడిచింది. అంతకన్నా తక్కువ కాలానికి ఈ ఊళ్ళో ఏ వస్తువూ అమ్మరాదని ఒక నిబంధన ఉండాలి. డబ్బు కడితే గ్యారంటీ పొడిగిస్తామన్నాడు మేనేజరు. ఆ సదుపాయం మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

వెంటనే కొనలేదు. ఆన్‌లైన్‌లో పండగ అమ్మకాలు వస్తున్నాయి, ఆగమన్నాడు మేనల్లుడు. తొలకరి చినుకులు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతకడం మా జిల్లాలో అందరూ ఎరిగినదే. పది రాత్రులు మేనల్లుడు ఫోను మీద అలాగే వంగి వెతికాడు. ఒక రాత్రి ఒంటిగంటకు “మామా, దొరికింది, 58,000” అని కేక లాంటి సందేశం పంపాడు. పొద్దున లేచి చూస్తే అందులో ఆరువేలు మా వంశంలో ఎవరికీ లేని ఒక బ్యాంకు కార్డుకు, నాలుగు వేలు మా దగ్గర లేని పాత ల్యాప్‌టాప్ మార్పిడికి. అవి తీసేస్తే 68,000. ర్యామ్ ఎనిమిది జీబీ, ఇంకో ఎనిమిది మనమే వేయించుకోవాలి. అదీ అయితే దుకాణం ధరకు వందా రెండు వందల తేడా. చేలో మెరిసే రాళ్ళలో ఎక్కువ భాగం రాళ్ళే.

రాజ్‌విహార్‌కే తిరిగి వెళ్ళాం. అరవై క్వింటాళ్ళు చెల్లించాం. బావ సంతకం చేస్తూ “అప్పుడప్పుడేగా?” అని కొడుకును ఒకే ఒక్కసారి అడిగాడు. కొడుకు అవునన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెబుతాను. మొదటి వారం ల్యాప్‌టాప్ క్లాసుకు వెళ్ళింది. క్లాసు గదిలో రెండే ప్లగ్గులు, ఒకటి ప్రొజెక్టరుకు. గేము పెడితే బ్యాటరీ గంట నిలవడం గొప్ప. నిలిచిన ఆ గంటా కూడా ఛార్జరు లేదు కాబట్టి చిప్పు తన ఆకలి తగ్గించుకుని నీరసంగా కూర్చుంటుంది, చెట్లకు ఆకులు రాలిపోతాయి. అంటే ఎక్కడికైనా మోసుకెళ్ళవచ్చు గాని, వెళ్ళిన చోట గోడను ఆనుకునే కూర్చోవాలి. రెండో వారం నుంచి అది హాస్టల్ బల్ల మీద స్థిరపడింది. మూడు కిలోలు బరువు కాదన్న వీరుడు ఇప్పుడు సంచిలో ఒక్క పుస్తకం మోస్తున్నాడు. ఆ పుస్తకం లాబ్ రికార్డు. కాలేజీ ల్యాబులో కాలేజీ కంప్యూటర్ మీద రాసిన ప్రోగ్రామును అందులో చేత్తో, నీలం సిరాతో, మార్జిను గీసి మళ్ళీ రాయాలి. సంతకం పడేది దాని మీదే. దాని ధర అయిదు కిలోలు.

మొన్న ఏప్రిల్‌లో అసలు సమస్య వచ్చింది. గేము మొదలుపెట్టిన పది నిమిషాలకు ఫ్యాన్లు పిండిమిల్లులా మోగుతున్నాయని, ఆ తర్వాత యంత్రం మందగిస్తోందని మేనల్లుడు ఫిర్యాదు చేశాడు. సలహాదారుగా నేను పెట్టె తెరిపించి, మా కుటుంబ చరిత్రలో ఎవరూ చేయని పని చేశాను. వెంట వచ్చిన చిన్న పుస్తకం చదివాను. పరిసరాల ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటని చోట వాడమని అందులో ఉంది. చాలా కంపెనీలవాళ్ళు అలాగే రాస్తారట. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నలభై దాటడం వార్త కాదు. నియమం ప్రకారం చూస్తే మా జిల్లాలో గేమింగ్ ల్యాప్‌టాప్ రబీ పంట. చలికాలంలో వేసుకుని, ఎండలు ముదిరేలోగా కోత కోసుకోవాలి. వేడెక్కితే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకోవడాన్ని లోపం అనడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. మే నెల మధ్యాహ్నం నేను చేసేదీ అదే.

కింద పెట్టుకునే కూలింగ్ ప్యాడు కొనాలన్నాడు మేనల్లుడు. 1,800 రూపాయలు. ఆడేటప్పుడు మాత్రమే, అప్పుడప్పుడు. ఆ వాక్యాన్ని యథాతథంగా బావకు చేరవేశాను. క్వింటాలున్నర అని కూడా నేనే చెప్పాను, ఆయనకు శ్రమ లేకుండా.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఫోను చేశాడు. “బస్సు కార్గోలో ఒక మూట వేశాను. బస్టాండుకు పోయి దించుకుని వాడికి ఇచ్చిరా.”

గోనెసంచి. కుట్లు విప్పి చూస్తే ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర ఇరవై ఏళ్ళుగా తిరిగిన టేబుల్ ఫ్యాను. దారిలో రెక్కలు వంగకుండా చుట్టూ ఉల్లిగడ్డలు కూరి పంపాడు. ఫ్యానును హాస్టల్ బల్ల మీద, ల్యాప్‌టాప్‌కు ఎదురుగా పెట్టాం. తెర మీద చెట్ల ఆకులు కదులుతున్నాయి, గాలికేనేమో. ఉల్లిని ఇంటికి తెచ్చి తూకం వేశాను. పన్నెండు కిలోలు. తరుగు తీయలేదు.