కెమెరాకి పోర్ట్ తెరవాలా, వద్దా?

ఊళ్లో అత్తగారింటి ముందు ఐపీ కెమెరా బిగించారు. హైదరాబాద్‌లో ఉండే బావకి అది ఫోన్‌లో కనిపించాలి, రూటర్‌లో పోర్ట్ (బయటి నెట్ నుంచి ఇంట్లోకి వచ్చే దారి) తెరవమంటాడు. ఊళ్లో ఉన్న బామ్మర్ది ససేమిరా అంటాడు.

బావ: కెమెరా వాడే 554, 8000 పోర్ట్‌లు తెరిచి, వచ్చేది కెమెరాకి ఫార్వార్డ్ చేసేయ్ రా. మధ్యలో ఆ క్లౌడ్ యాప్, కంపెనీ వాడి సర్వర్ మనకెందుకు?

బామ్మర్ది: ముందు కెమెరా ఐపీ, అంటే మన నెట్‌వర్క్‌లో దాని నంబర్, కదలకుండా ఉండాలి కదా బావా. ఇప్పుడది డీహెచ్‌సీపీలో ఉంది, అంటే నంబర్ రూటరే పంచుతుంది, కరెంటు పోయి వస్తే నంబర్ మారినా మారొచ్చు, అప్పుడు మీ ఫార్వార్డింగ్ ఏ టీవీకో పోతుంది.

బావ: స్టాటిక్, అంటే మారని నంబర్ ఇచ్చేయ్. 192.168.1.64, అయిపోయింది.

బామ్మర్ది: రూటర్ పంచే నంబర్లలో 64 కూడా ఉంటే? ఎవరి ఫోన్‌కో అదే పడితే రెండూ కొట్టుకుంటాయి, కెమెరా వస్తూ పోతూ ఉంటుంది, మీరేమో కేబుల్ బాలేదని మళ్లీ క్రింపింగ్ చేయిస్తారు. అందుకే రూటర్‌లోనే కెమెరా మ్యాక్ అడ్రస్‌కి (తయారీలోనే దానికి పడే గుర్తింపు నంబర్) ఆ నంబర్ రిజర్వ్ చేస్తా.

బావ: అది నీ ఇష్టం. పోర్ట్ సంగతి చెప్పు.

బామ్మర్ది: తెరవను. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలా బయటికి తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు (వీడియో రికార్డర్లు), రూటర్లలోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే దూరింది. ఆ అక్టోబర్‌లో వాటన్నిటినీ ఒకేసారి డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ (సైట్ల పేర్లకి ఐపీ నంబర్లు చెప్పేది) మీదికి వదిలితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే చాలామందికి తెరుచుకోలేదు.

బావ: మనం పాస్‌వర్డ్ గట్టిదే పెట్టాంగా!

బామ్మర్ది: పాస్‌వర్డే అడక్కుండా లోపలికి రానిస్తే? 2021లో హిక్‌విజన్ కెమెరాల్లో అలాంటి లోపమే బయటపడింది. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది సరే, బిగించి వెళ్లిపోయాక దాన్ని ఎక్కించేదెవరు?

బావ: అలాగైతే క్లౌడ్ యాప్‌ని మాత్రం ఏం నమ్ముతాం? వాడి సర్వర్‌లో లోపం ఉంటే మన వాకిలి ఎవడెవడో చూస్తాడు.

బామ్మర్ది: అది నిజమే, కాదనను. కానీ మీరు చెప్పిన పోర్ట్ ఇక్కడ పనే చేయదు. రూటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే నెట్ ప్రొవైడర్ మన రూటర్‌కి ఇచ్చిన నంబర్, 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి సీజీన్యాట్ అడ్రస్‌లు, అంటే ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి కలిపి వాడుతున్నాడు. మన రూటర్‌లో ఎన్ని తెరిచినా బయటినుంచి ఇక్కడిదాకా దారే లేదు.

బావ: ఈ ముక్క మొదటే ఏడవొచ్చుగా! సరే, డబ్బు కట్టి పబ్లిక్ ఐపీ తీసుకుంటా.

బామ్మర్ది: తీసుకోండి. అప్పుడు కూడా 554 తెరవను, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఫోన్ నుంచి ఇంటి నెట్‌వర్క్‌కి తాళం వేసిన సొరంగం లాంటిది) పెట్టి దానికి 51820 యూడీపీ పోర్ట్ ఒక్కటే తెరుస్తా. ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేస్తే ఇంట్లో కూర్చుని చూసినట్టే.

బావ: చూడాలనుకున్నప్పుడల్లా వీపీఎన్ ఆన్ చేయమని మీ అక్కకి నువ్వే చెప్పు, నా వల్ల కాదు.

బామ్మర్ది: అక్కతో నేను మాట్లాడతాలెండి. ఈలోగా రూటర్‌లో యూపీఎన్‌పీ ఆపేస్తున్నా, లేకపోతే పబ్లిక్ ఐపీ వచ్చిన రోజే కెమెరా దాని ద్వారా మనల్ని అడక్కుండా తనే పోర్ట్ తెరుచుకోవచ్చు.