దుప్పటి తీసేసినట్టు ఉంటుందట!

18 వేలు అండీ, అక్షరాలా 18 వేలు, మూడేసి మీటర్ల స్పీకర్ వైర్ జతకి. అమ్మినాయన "సార్ ఒక్కసారి వేసి చూడండి, పాట మీద దుప్పటి తీసేసినట్టు ఉంటుంది" అన్నాడు. తెచ్చి వేశా, దుప్పటి ఎక్కడిదక్కడే ఉంది. ఫోన్ చేస్తే 200 గంటలు మోగాక సౌండ్ ఓపెన్ అవుతుంది సార్ అంటాడు, ఇదేమన్నా ఆవకాయా ఊరడానికి? పైగా వైర్ మీద బాణం గుర్తులు, ఇటు నుంచి అటే కలపాలట, అరె అందులో పోయేదే ఏసీ సిగ్నల్ కదా నాయనా, సెకనుకి వందలసార్లు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ఆదివారం మా తమ్ముడు నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి ఈ వైరూ, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మామూలు 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరూ మార్చి మార్చి పెట్టాడు. పదిసార్లలో ఐదుసార్లు కరెక్టుగా చెప్పా, బొమ్మాబొరుసు వేసినా అంతే వచ్చేది. ఆ మామూలు వైరు రానూపోనూ 6 మీటర్లు కలిపినా రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, 0.05 ఓమ్ కూడా రాదు, నా స్పీకరేమో 8 ఓమ్స్, ఇంక తేడా ఎక్కడినుంచి వస్తుంది?

అసలు కామెడీ ఏంటంటే, కుడి స్పీకర్లో చిరచిర పోయింది మాత్రం నిజం. ఎందుకంటే ఆంప్లిఫయర్ వెనక టెర్మినల్‌కి చిలుము పట్టి ఉంటే, కొత్త వైరు బిగించేముందు ఉప్పుకాగితంతో రుద్దా.

ప్యాకింగ్ విప్పారు కాబట్టి రిటర్న్ లేదట. ఆ వెల్వెట్ డబ్బాలో మా ఆవిడ గాజులు పెట్టుకుంటోంది.