వంద బస్సులు సరే, ఎక్కేదెక్కడ?

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. కావలి నుంచో ఆత్మకూరు నుంచో పల్లెవెలుగు ఎక్కి నెల్లూరు వచ్చే ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్ ఖర్చు లేదు. బస్టాండులో దిగి దర్గామిట్ట పెద్దాసుపత్రికి పోవాలంటే మాత్రం పర్సు తీయాల్సిందే. 2004లోనే కార్పొరేషన్ అయిన ఊరిది. 2011 లెక్కల నాటికే జనాభా ఐదు లక్షల దాకా ఉంది. అయినా సిటీ బస్సు అని చెప్పుకోదగ్గ వ్యవస్థ లేదు. ఊళ్లో తిరగాలంటే సొంత బండి ఉండాలి, లేదా షేర్ ఆటోలో ఇరుక్కోవాలి. చిన్నబజారు, ఆచారివీధి దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు రాత్రి షట్టర్లు దించాక రోడ్డు మీద నిలబడేది ఈ ఆటోల కోసమే. ‘సర్దుకోండమ్మా, ఇంకొకరు పడతారు’ అన్న మాట వినని రోజు వాళ్లకు ఉండదు.

కేంద్రం 2023లో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద దేశానికి పది వేల ఎలక్ట్రిక్ బస్సులు అనుకున్నారు. మన రాష్ట్రానికి 11 నగరాలకు కలిపి 750 బస్సులు, అందులో నెల్లూరు వాటా వంద. సంతోషమే. అయితే ఇప్పటిదాకా మాటలన్నీ డిపో, చార్జింగ్, కరెంటు లైను చుట్టూనే తిరుగుతున్నాయి. బస్సు ఏ వీధిలో ఆగుతుంది, దాన్ని ఎక్కేవాళ్లు అక్కడిదాకా ఎలా నడిచొస్తారు అని అడిగేవారు కనబడటం లేదు. పైగా ఇవి బస్సులు నడిపే కంపెనీకి కిలోమీటర్ల లెక్కన డబ్బు కట్టే ఒప్పందాలు. బస్సు కిక్కిరిసి తిరిగినా ఖాళీగా తిరిగినా బిల్లు బిల్లే. రూట్లు తప్పితే ఆ భారం మోసేది జనమే.

రూట్లు తేల్చడానికి ఎక్కడినుంచో కన్సల్టెంట్లను పిలిపించాల్సిన పనిలేదు. వేదాయపాళెం నుంచి మద్రాసు బస్టాండు, వీఆర్సీ సెంటరు మీదుగా షేర్ ఆటోలు ఎలా తిరుగుతున్నాయో, మైపాడు రోడ్డు, పొదలకూరు రోడ్డు నుంచి ఏ వేళకు ఎంతమంది ఊళ్లోకి వస్తున్నారో ఆటో స్టాండులో వారం రోజులు కూర్చుంటే తెలిసిపోతుంది. ఎక్కడ గిరాకీ ఉందో ఆ డ్రైవర్లకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. వాళ్లను శత్రువులుగా చూడకూడదు. ట్రంకు రోడ్డు మీద బస్సు నడిస్తే, సందుల్లోంచి బస్టాపుదాకా జనాన్ని చేర్చే పని ఆటోలకు మిగలాలి. ఈ సంగతి ముందే కూర్చోబెట్టి మాట్లాడకపోతే మొదటి బస్సు రోడ్డెక్కిన రోజే గొడవ మొదలవుతుంది.

ఇక నడక. బస్సు ఎక్కేవాళ్లంతా ముందు నడిచేవాళ్లే. పాదచారుల బాటకు అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, దాని అంచు రోడ్డు కంటే 15 సెంటీమీటర్లకు మించి లేవకూడదనీ రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన. మన దగ్గర ఫుట్‌పాత్ అంటే కాలువ మీద పరిచిన బండలే. ఒక బండ ఎత్తు, ఒక బండ పల్లం, మధ్యలో ఒకటి ఉండదు. నాలుగడుగులు వేస్తే ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత షాపు వాళ్ల బోర్డు, దాని పక్కనే బారుగా స్కూటర్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఆ బండలెక్కి దిగడం కంటే రోడ్డు మీదే నడుస్తుంది, వెనక హారన్ మోగుతూనే ఉంటుంది. ఫుట్‌పాత్ ఖాళీ చేయించడమంటే మనవాళ్లకు ముందు తోపుడు బండ్లే గుర్తొస్తాయి. పండ్ల బండి నెట్టేస్తారు, దాని పక్కన నిలిపిన కారు జోలికి మాత్రం పోరు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. వాళ్ల చోటు ఎక్కడన్నది ఆ కమిటీలో తేల్చాలి. పార్కింగ్ సంగతి కార్పొరేషన్, పోలీసులు తేల్చాలి.

అన్నిటికంటే చిక్కుముడి రైలు పట్టాలు. చెన్నై–విజయవాడ లైను ఊరిని నిలువునా చీల్చింది. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, విజయమహల్ గేటు, ఆత్మకూరు బస్టాండు, ఇలా ఎటు దాటాలన్నా వంతెన కిందనుంచే ఎక్కువ రాకపోకలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టిందంటే అక్కడ మోకాలి లోతు నీళ్లు. మోటారు పెట్టి తోడేదాకా ఊరు రెండు ముక్కలు. పెట్రోలు బండి ఆగిపోతే తోసుకుంటూ పోవచ్చు, బ్యాటరీ బస్సును ఆ నీళ్లలోకి ఎవరు దింపుతారు? బస్సు ఎత్తుకు ఏ వంతెన సరిపోతుంది, ఏది సరిపోదు అన్నది ఆర్డరు పెట్టేముందే కొలిచి చూసుకోవాలి. ఈ పథకంలో 12 మీటర్ల బస్సులతోపాటు 9, 7 మీటర్లవీ ఉన్నాయి. స్టోన్‌హౌస్‌పేట, సంతపేట, మూలాపేట వీధులకు చిన్నవే నప్పుతాయి. పెద్ద బస్సు ఫొటోకు బాగుంటుందని తెచ్చుకుంటే మలుపు దగ్గర ఇరుక్కుపోయేది మనమే.

చేతకాదని మాత్రం అనలేం. ఏటా మొహర్రం వేళ స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. ఆ నాలుగైదు రోజులూ వాహనాలు మళ్లిస్తారు, నడిచేవాళ్లకు దారి విడిచిపెడతారు, ప్రత్యేక బస్సులు వేస్తారు. పోలీసు, కార్పొరేషన్, ఆర్టీసీ ఒక్క మాట మీద ఉంటాయి. మిగతా రోజుల్లో ఎవరి ఫైలు వారిది.

మున్సిపల్ శాఖ మంత్రి పి. నారాయణ 2024లో గెలిచింది ఈ నగరం నుంచే. రాజధాని కబుర్లు చెప్పడానికి రాష్ట్రమంతా ఉంది, సొంత నియోజకవర్గంలో వంద బస్సుల పని ఆయన దగ్గరుండి చూడవచ్చు. బస్టాపుల జాబితాను వార్డుల వారీగా ఇప్పుడే బయటపెట్టాలి. ప్రతి స్టాపులో నీడ, లైటు, బస్సు వచ్చే వేళలు తెలుగులో రాసిన బోర్డు ఉండాలి. స్టాపుకు అటూ ఇటూ రెండు వందల మీటర్ల మేర ఫుట్‌పాత్ ముందుగా బాగుచేయాలి. వంతెనల కింద నీళ్లు తోడే మోటార్లను సెప్టెంబరులోపే సరిచూడాలి. స్త్రీశక్తి ఈ బస్సులకూ వర్తిస్తుందో లేదో ఆర్టీసీ ముందే చెప్పేయాలి. వర్తించదంటే, ఆచారివీధి అమ్మాయిలకు ఎలక్ట్రిక్ బస్సు వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.