పాడైన పియానోకి దండం పెట్టే ముందు

ఈ నెలలో ఇది నాలుగోసారి. ఈసారి ఆ ఫార్వర్డ్ పంపింది మా మేనేజరు, కింద రెండు దండాలు కూడా పెట్టి. 1975 జనవరిలో అమెరికన్ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ జర్మనీలోని కోల్న్‌లో పాడైన పియానో మీద ఏ ప్రిపరేషనూ లేకుండా వాయించాడట, విమర్శకులంతా సాష్టాంగపడ్డారట, ఆ కచేరీ రికార్డింగు 'ది కోల్న్ కాన్సర్ట్' ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన సోలో పియానో ఆల్బమట, కాబట్టి మనం అది లేదు ఇది లేదు అని సణగకూడదట.

అమ్మకాల మాట నిజమే. విమర్శకుల్లో మరీ తీపిగా ఉందని మొహం తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు. జారెట్‌కే తర్వాత్తర్వాత ఈ రికార్డు గోల విసుగు పుట్టించింది. సరే, వదిలేద్దాం.

ప్రిపరేషన్ లేకుండానా? మూడేళ్లప్పుడు పియానో ముందు కూర్చున్నవాడు, జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో పనిచేసినవాడు, 1973లోనే బ్రెమెన్‌లో, లోజాన్‌లో ఇలాగే ఒక్కడే వాయించి మూడు ఎల్పీలు నింపినవాడు. గంటసేపు రాగాలాపన చేసిన విద్వాంసుణ్ణి చూసి 'ప్రాక్టీసు లేకుండా భలే పాడాడు' అంటామా? పైగా చివర్లో వచ్చే 7 నిమిషాల ముక్క అతను అంతకుముందే కట్టుకున్న బాణీ.

అసలు ఒళ్లు మండేది పియానో దగ్గర. అడిగింది బోజెండోర్ఫర్ కంపెనీ పెద్ద కచేరీ పియానో ఇంపీరియల్, స్టేజీ మీదున్నది అదే కంపెనీ చిన్న పియానో: శ్రుతి లేదు, పై స్వరాలు రేకు డబ్బా మోత, కింది స్వరాల్లో బలం లేదు, పెడళ్లు సరిగా పనిచేయవు. జారెట్ ఏమీ చిరునవ్వుతో అడ్జస్ట్ అయిపోలేదండీ, వాయించనన్నాడు. కచేరీ ఏర్పాటు చేసిన వెరా బ్రాండెస్‌కి అప్పటికి 18 ఏళ్లు, ఆ పిల్ల వెళ్లి బతిమాలుకుంది. ఆ డొక్కు పియానోని దారికి తేవడానికి గంటలకొద్దీ కుస్తీ పడ్డారు. నడుం నొప్పికి బెల్టు కట్టుకుని అతను రాత్రి 11:30కి మొదలుపెట్టాడు. ఫార్వర్డులో వెరా లేదు, శ్రుతి చేసినవాళ్లు లేరు, నడుం నొప్పి లేదు, ఉన్నదల్లా 'ఉన్నదాంతో సర్దుకోండి'. తప్పు పియానో పెట్టినవాళ్లే ఈ కథలో గురువులన్నమాట! నా లాప్‌టాప్ రోజుకి మూడుసార్లు ఆగిపోతోంది సార్, ఆ లెక్కన నేనూ ఈపాటికి చరిత్ర సృష్టించి ఉండాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మంచి పియానో ఉంటే ఈ సంగీతం ఇలా ఉండేది కాదు. పైన పలకడం లేదని ఎక్కువగా మధ్య స్వరాల్లోనే తిరిగాడు, కింద మోత చాలక ఎడమ చేత్తో అదే చిన్న ముక్కని మళ్లీ మళ్లీ తిప్పాడు, మనల్ని ఊపేసేది ఆ ఎడమ చెయ్యే. ఇంకో సంగతి, నేనీ ఆల్బం మొదట విన్నది కూడా ఇలాంటి ఫార్వర్డ్ చూసే.

మొదటి భాగం 26 నిమిషాలు, మీరు విన్నారా సార్ అని గ్రూపులోనే అడిగాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు ఇంకా రాలేదు.