నీళ్లున్న చోటే మనుషులుంటారట!

"బెంగళూరులో నది ఏది మామయ్యా?" అని అడిగాడు మా అక్క కొడుకు, సాంఘిక శాస్త్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని. నీరు, సారవంతమైన నేల, అనుకూలమైన వాతావరణం ఉన్న చోట జనసాంద్రత ఎక్కువ అని అందులో రాసి ఉంది. వాడు పుట్టి పెరిగింది బెంగళూరు మారతహళ్లిలో. ఏ నది చూపించను? మురుగుతో నిండిన వృషభావతి ఉంది కాని, దాన్ని ముక్కు మూసుకుని చూడాలి. కావేరి నీళ్లా? దాదాపు వంద కిలోమీటర్ల అవతల నుంచి, సుమారు ఐదువందల మీటర్ల ఎత్తుకు మోటార్లతో తోడి పోస్తే మన కొళాయిలోకి వస్తున్నాయి.

పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదు. సగం చెప్పి ఊరుకుంది, నా కోపం అంతా అందుకే. 2011 జనాభా లెక్కల్లో కావేరి పుట్టిన కొడగు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 135 మంది. ఆ కావేరిని తోడుకుని తాగే బెంగళూరు అర్బన్ జిల్లాలో 4,381 మంది. (లెక్క పాతదే. 2021లో జరగవలసిన లెక్కింపు జరగలేదు, నేనేం చేయను!) కొడగంతా కొండలూ అడవులూ అంటారా, ఒప్పుకుంటాను. మా అనంతపురం జిల్లాలో 213 మంది. అక్కడ వానలు తక్కువ అంటారు, అదీ ఒప్పుకుంటాను. కాని బెంగళూరు ఇంతగా నిండింది వానలు చూసి కాదు కదా.

ఇక్కడ చల్లగాలి ఉంది నిజమే. ఆ గాలి మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్‌లో ఇంకా బాగుంటుంది. అక్కడ ఎవరూ విమానాల కర్మాగారం పెట్టలేదు, అంతే తేడా. బెంగళూరులో 1905 నాటికే కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్తుతో వీధి దీపాలు వెలిగాయి. 1909లో టాటాల చొరవతో, మైసూరు సంస్థానం ఇచ్చిన స్థలంలో సైన్స్ సంస్థ వచ్చింది. 1940లో విమానాల హెచ్‌ఏఎల్, 1948లో టెలిఫోన్లు చేసే ఐటీఐ, 1953లో యంత్ర పరికరాల హెచ్‌ఎంటీ, 1954లో ఎలక్ట్రానిక్స్ బీఈఎల్ వచ్చాయి. ఒక్కో కర్మాగారం వెంట ఒక కాలనీ, ఒక బడి, ఒక బస్సు మార్గం. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ పరచిన విస్తరి ముందు వచ్చి కూర్చున్నవాళ్లే. ఇన్ని నిర్ణయాలు ఎవరో కాగితాల మీద సంతకాలు పెట్టి తీసుకున్నవి. ఆకాశం నుంచి ఊడిపడలేదు.

గోదావరి డెల్టా సంగతీ ఇంతే. అక్కడ నది ఎప్పుడూ ఉంది, అయినా 1830లలో కరువుకు జనం అల్లాడిపోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే ఆ నీరు కాలువల్లో పారి, పొలాల్లో వరి నిలకడగా నిలిచింది.

2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం కాచుకున్నప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఒక పెద్దాయన "మీరంతా ఇక్కడికే ఎందుకు వచ్చి పడతారు?" అని అడిగారు. ఆయన బాధ నాకు అర్థమైంది. చెరువులు పూడ్చి బస్‌స్టాండ్లూ స్టేడియాలూ కట్టుకున్న ఊరిలో నీళ్లు లేకపోతే ఎవరికైనా మండుతుంది. మెజెస్టిక్ బస్‌స్టాండ్ ఒకప్పుడు ధర్మాంబుధి చెరువే. కాని ప్రశ్న అడగవలసింది నన్ను కాదు. కర్ణాటక విస్తీర్ణంలో నూటికి ఒక వంతు కంటే కాస్త ఎక్కువ ఉన్న జిల్లాలోకి రాష్ట్ర జనంలో నూటికి పదిహేను మందికి పైగా చేరేలా పనులన్నీ ఒక్క చోటే పోగుచేసినవాళ్లను అడగాలి.

మా ఊరు బెళుగుప్ప దగ్గర. చిన్నప్పుడు వేరుశనగ ఎండిపోతే నాన్న ఆకాశం వైపు చూసి కూర్చునేవారు. 2012లో హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకంతో కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయానికి చేరాయి. మొన్న ఫోనులో నాన్న సంబరంగా చెప్పారు, "చెరువు నిండింది రా" అని. మా వీధిలో ఎన్ని ఇళ్లకు తాళాలున్నాయని అడిగాను. ఆయన వేళ్ల మీద లెక్కపెడుతూ, రెండో చెయ్యి కూడా వాడవలసి వచ్చిందని చెప్పారు.